కోత వేళ

మా షెడ్డుకు ఎడమ పక్క బండల ఫ్యాక్టరీ,
కుడి పక్క ఇంకో బండల ఫ్యాక్టరీ.
పొద్దున్నుంచీ రంపాలు రాయిని కోస్తానే ఉంటాయి.
తాడిపత్రిలో చప్పుడు వినే పని
కరెంటు కోత పడినాకే.

అందుకే డాక్టరమ్మకు ఫోన్లో చెప్పినా:
"మూడింటికి రాండి మా.
మూడు నుంచి నాలుగు దాకా ఊరు నోరు మూసుకుంటాది."

పళ్ళ డాక్టరమ్మ హేమావతి.
మూడో చేతి బండి, బెంగుళూరులో కొనిందంట.
రెండే సీట్లు, నేలకు జానెడెత్తు, ఎండుమిరప రంగు.
సామాను యాడ పెడతావని ఊరంతా అడిగినారంట.
నేనడగలే.
కుళ్ళాయప్ప మాత్రం దాని చుట్టూ మూడుసార్లు తిరిగినాడు,
గూగూడులో గుండం చుట్టూ తిరిగినట్టు.
"ముట్టుకోవద్దురా, విను."

మూడు దాటి రెండు నిమిషాలు.
రంపాలు ఒకటొకటే గొంతు దించినాయి.
ఆఖరిది సన్నగా సాగదీసి, సాగదీసి, ఆగింది.
చెవుల్లో మాత్రం ఇంకా కొంచెంసేపు
రాయి తెగుతానే ఉన్నింది.

"ఇప్పుడు స్టార్ట్ చేయండి."

కాలు తీసి న్యూట్రల్లో పెడితే నున్నగా ఉంది.
"క్లచ్చి తొక్కండి."
వచ్చింది,
ఎండిన చెనిక్కాయల మూటలో చెయ్యి పెట్టి కలబెట్టినట్టు.
వదిలితే పోయింది.
తొక్కితే మళ్ళా వచ్చింది.

"తొక్కితే ఏడ్చేది రిలీజు బేరింగు మా.
తొక్కితే ఏడుపు మానేదయితే గేరుబాక్సు లోపలిది,
దానికి బండి సగం అమ్ముకోవాల.
మీది ఏడ్చేదే. సంతోషపడండి."

ఆమె నవ్వింది.
"మా దగ్గరా అంతే పీరన్నా.
నొప్పి ఏ పన్నుదో ఎవరూ సరిగ్గా చెప్పలేరు.
ఎప్పుడొస్తాదో చెప్తారు.
చల్లటి నీళ్ళకా, కొరికితేనా, రాత్రి పడుకుంటేనా.
నేను అక్కడ్నుంచి మొదలుపెడతా."

ఆ మాటను పన్నెండో నంబరు పానా మాదిరి
జేబులో వేసుకున్నా.

"సరే, బ్రేకు ఎప్పుడు కూస్తాది?"
"తొక్కినా కూస్తాది, తొక్కకపోయినా కూస్తాది.
పెన్న బ్రిడ్జి దాటినాకే వినపడతాది. ఊర్లో ఉన్నంతసేపు లేదు.
అనంతపురంలో ప్యాడ్లు మార్చినారు, పిన్నులకు గ్రీసు పూసినారు,
బిల్లు కూడా ఇచ్చినారు."

ఇంజిను ఆపించినా.
ఆమె స్టీరింగు పట్టుకునింది,
మేమిద్దరం వెనకనుంచి తోసినాం.
అంత నిశ్శబ్దంలో నా ఊపిరి నాకే అడ్డమొచ్చింది.
చక్రం ఒక చుట్టు తిరిగితే ఒక గీత.
కీస్. ఇంకో చుట్టు. కీస్.
"ముందర ఎడమది" అన్నాడు కుళ్ళాయప్ప, నాకంటే ముందే.

చక్రం విప్పినాం.
డిస్కు వెనక రేకులో, గోరంత,
నల్లరాయి ముక్క.
మా వీధిదే. ఎడమ ఫ్యాక్టరీదో, కుడి ఫ్యాక్టరీదో.
ఒక పక్క గరుకు,
డిస్కు రాసుకున్న పక్క మాత్రం అద్దం.
అట్లాంటి పాలిషు మా సేట్లు కూడా పట్టలేరు.

అప్పుడు అర్థమైంది.
అదీ రాయి కోసే చప్పుడే.
ఊర్లో ఉన్నంతసేపు ఊరి చప్పుట్లో కలిసిపోయింది.
బ్రిడ్జి దాటితే ఒంటరిదై
బయటపడింది.

డాక్టరమ్మ దాన్ని అరచేతిలో వేసుకుని,
పీకిన పన్ను వేరు సూసినట్టు తిప్పి తిప్పి సూసింది.
నాకు తిరిగి ఇవ్వబోతే కుళ్ళాయప్ప అందుకున్నాడు,
నట్ల డబ్బాలో వేసుకున్నాడు.
"పైసలెంత?" అనింది.
"రాయికి ఏమీ లేదు.
బేరింగు మద్రాసు నుంచి రావాల, వచ్చే బేస్తారం రాండి.
అంతవరకూ సిగ్నలు దగ్గర క్లచ్చి తొక్కిపెట్టొద్దు."

నాలుగయింది.
కరెంటొచ్చింది.
రంపాలు రాయిని మళ్ళా పట్టుకున్నాయి,
ఎర్ర బండి నోరు తెరిచి పోయింది, నాకేమీ వినపడలా.

పది నిమిషాలకు ఫోను.
బ్రిడ్జి అవతల ఉందంట,
ఫోను కిటికీలోంచి చక్రం పక్కకు పట్టుకుందంట.
"విన్నావా పీరన్నా?"

రెండు పక్కలా కోస్తాండారు.
చెవికి ఫోను ఒత్తుకుని,
"విన్నా మా" అన్నా.